జంతువుల్లో స్వీయ స్పృహ: మనిషితో పోలిక

తాను చుట్టూ ఉన్న ప్రపంచానికి వేరని, తన ఒళ్లు, తన చేతలు, తన ఆలోచనలు తనవేనని ఒక ప్రాణికి ఉండే ఎరుకే స్వీయ స్పృహ. నొప్పి, ఆకలి, భయం తెలియడం దీనికంటే వేరు. ముల్లు గుచ్చుకుంటే కుక్క కుయ్యోమంటుంది. దానికి నొప్పి తెలిసిందనడంలో సందేహం లేదు. ఆ నొప్పి పడుతున్నది తానేనన్న సంగతి దానికి ఎంతవరకు తెలుసు, నిన్నటి నొప్పి కూడా తనదేనని గుర్తుంటుందా, రేపు అలాంటిది రాకుండా చూసుకోవాలనుకుంటుందా అన్నవి స్వీయ స్పృహకు చెందిన ప్రశ్నలు. మనిషిలో ఇవన్నీ అల్లుకుపోయి ఉండటంతో ఇది ఒకే గుణమనిపిస్తుంది. జంతువుల మీద గత అర్ధ శతాబ్దంగా జరిగిన పరిశోధన ఆ అల్లికను విడదీసింది. ఒంటి గురించిన ఎరుక ఒకటి, అద్దంలో తనను పోల్చుకోవడం ఒకటి, తనకేం తెలుసో ఏం తెలియదో గ్రహించడం ఇంకొకటి, గతాన్నీ భవిష్యత్తునూ తనవిగా చూడటం మరొకటి. ఒక జంతువులో వీటిలో ఒకటి ఉండి మరొకటి లేకపోవచ్చు. కాబట్టి ఫలానా జంతువుకు స్వీయ స్పృహ ఉందా లేదా అని అడిగితే సరైన జవాబు రాదు. ఏది ఉంది, ఎంత ఉంది అని అడగాలి.

తొలి ఆలోచనలు

కుందేలు మాట నమ్మి, బావి నీళ్లలో కనిపించిన తన నీడనే మరో సింహమనుకుని దూకి చచ్చిన సింహం కథ పంచతంత్రంలో ఉంది. కథ ఉద్దేశం వేరైనా అందులోని గమనిక సరైనదే. చాలా జంతువులు తమ ప్రతిబింబాన్ని తమ జాతికే చెందిన మరో ప్రాణిగా భావిస్తాయి. మోటారు సైకిల్ అద్దాన్ని పొద్దస్తమానం పొడిచే పిచ్చుక తన హద్దులోకి చొరబడిన పోటీదారును తరుముతున్నాననుకుంటుంది.

17వ శతాబ్దంలో ఫ్రెంచి తత్వవేత్త రెనె డెకార్ట్ జంతువులు ఆలోచన లేని యంత్రాల్లాంటివని వాదించాడు. మనిషికీ జంతువుకూ మధ్య అలా లేచిన గోడను గట్టిగా కదిలించినవాడు చార్లెస్ డార్విన్. 1838లో లండన్ జంతు ప్రదర్శనశాలలో జెన్నీ అనే ఒరాంగుటాన్ అద్దం ముందు ఎలా ప్రవర్తించిందో చూసి, అది ఆశ్చర్యపోయిన తీరును తన నోటుపుస్తకంలో రాసుకున్నాడు. మనిషి మనసుకూ ఉన్నత జంతువుల మనసుకూ ఉన్న తేడా స్థాయిలోనే తప్ప స్వభావంలో కాదని 1871లో ప్రచురించిన గ్రంథంలో ప్రతిపాదించాడు. అయితే ఆయన అనుచరులు కొందరు మరీ ముందుకు వెళ్లి, పెంపుడు కుక్కల, పిల్లుల ముచ్చట్లనే సాక్ష్యాలుగా పోగుచేశారు. దానికి విరుగుడుగా 1894లో మనస్తత్వవేత్త లాయిడ్ మోర్గన్ ఒక నియమం పెట్టాడు. ఒక ప్రవర్తనను సాధారణ మానసిక శక్తితో వివరించగలిగితే, దాని వెనుక అంతకంటే ఉన్నతమైన శక్తి ఉందని ఊహించకూడదన్నది దాని సారాంశం. ఈ రంగంలో నేటికీ జరిగే వాదోపవాదాలన్నిటి అడుగునా ఈ నియమమే ఉంటుంది. 20వ శతాబ్దం మొదటి సగంలో, పైకి కనిపించే ప్రవర్తననే లెక్కలోకి తీసుకునే ప్రవర్తనావాదం రాజ్యమేలడంతో జంతువు మనసు గురించి మాట్లాడటమే శాస్త్రం కాదన్న పరిస్థితి వచ్చింది.

అద్దం పరీక్ష

ఆ మౌనాన్ని ఛేదించింది అమెరికా మనస్తత్వవేత్త గార్డన్ గ్యాలప్. విద్యార్థిగా ఉన్న రోజుల్లో గడ్డం గీసుకుంటూ ఉండగా ఆయనకు ఈ ఆలోచన తట్టిందంటారు. 1970లో ‘సైన్స్’ పత్రికలో వెలువడిన ఆయన ప్రయోగం చూడటానికి చాలా సాదాసీదాగా ఉంటుంది. అడవిలో పుట్టిన నాలుగు చింపాంజీలను ఒక్కొక్కదాన్ని విడిగా ఉంచి, పది రోజులపాటు, మొత్తం 80 గంటలు అద్దం చూడనిచ్చాడు. మొదటి రెండు మూడు రోజులు అవి ప్రతిబింబాన్ని పరాయి చింపాంజీ అనుకుని బెదిరించాయి, అరిచాయి. తర్వాత తీరు మారింది. మామూలుగా కంటికి ఆనని ఒంటి భాగాలను అద్దంలో చూసుకుంటూ శుభ్రం చేసుకున్నాయి, పళ్లలో ఇరుక్కున్నవాటిని తీసుకున్నాయి, ఊరికే మూతి వంకర్లు పెట్టి చూసుకున్నాయి.

ఇక్కడితో ఆగితే చూసేవారి ఊహ అని కొట్టిపారేయవచ్చు. అందుకే గ్యాలప్ వాటికి మత్తు ఇచ్చి, ఒక కనుబొమ గట్టు మీద, దానికి అవతలి వైపు చెవి మీద వాసన లేని, చర్మానికి తగిలినట్టు తెలియని ఎర్ర రంగు పూశాడు. మెలకువ వచ్చాక అద్దం లేకుండా కొంతసేపు గమనిస్తే అవి ఆ చోట్లను పట్టించుకోలేదు. అద్దం పెట్టగానే అదేపనిగా ఆ మచ్చలను తడిమి, కొన్నిసార్లు వేళ్లను వాసన చూసుకున్నాయి. మచ్చను తాకడం పాతిక రెట్లకు పైగా పెరిగింది. అంతకుముందు అద్దమే ఎరుగని చింపాంజీలకు అలాగే రంగు పూస్తే అవి పట్టించుకోలేదు. కోతి జాతుల్లో రీసస్ వంటివి ఎన్నాళ్లు అద్దం ముందున్నా ఈ పరీక్షలో నెగ్గలేదు. పుట్టినప్పటి నుంచి ఒంటరిగా పెరిగిన చింపాంజీలూ తమను గుర్తుపట్టలేకపోయాయని గ్యాలప్ బృందమే ఆ మరుసటి ఏడాది తేల్చింది. ‘నేను’ అన్న భావన రూపుదిద్దుకోవడానికి ఎదుటివారు ఉండాలన్న మాటకు ఇంతకంటే బలమైన జంతు సాక్ష్యం అరుదు.

తర్వాతి పరిశోధనల్లో ఒరాంగుటాన్లు, బొనోబోలు నెగ్గాయి. గొరిల్లాల విషయం తేలలేదు. సంజ్ఞా భాష నేర్చిన కోకో నెగ్గినా చాలా గొరిల్లాలు తప్పాయి. గొరిల్లాల్లో కళ్లలోకి నేరుగా చూడటం కయ్యానికి కాలుదువ్వడంతో సమానం కాబట్టి అద్దాన్ని అవి సరిగా చూడనే చూడవని ఒక వివరణ. చింపాంజీల్లోనూ అన్నీ నెగ్గవు. పిల్లలు, ముసలివి తరచు తప్పుతాయి.

ఏనుగు, డాల్ఫిన్, మాగ్పీ, చేప

వానర కుటుంబం వెలుపల తొలి బలమైన సాక్ష్యం డాల్ఫిన్ల నుంచి వచ్చింది. 2001లో డయానా రైస్, లోరీ మరీనో న్యూయార్క్ అక్వేరియంలోని రెండు డాల్ఫిన్ల ఒంటిపై గుర్తులు పెట్టారు. చేతులు లేని జంతువు మచ్చను తడమలేదు కాబట్టి, గుర్తు ఉన్న భాగం అద్దంలో కనిపించేలా అవి ఒళ్లు తిప్పుకోవడాన్ని ఆధారంగా తీసుకున్నారు. ఈ తేడా చిన్నదిగా కనిపించినా విమర్శకులు నేటికీ పట్టుకునేది దీన్నే.

ఏనుగుల కథలో పరికరమే ప్రధాన పాత్ర. 1989లో చిన్న అద్దంతో చేసిన పరీక్షలో ఏనుగులు తప్పాయి. న్యూయార్క్‌లోని బ్రాంక్స్ జూలో జాషువా ప్లాట్నిక్, ఫ్రాన్స్ డి వాల్, డయానా రైస్ మూడు ఆసియా ఏనుగుల ముందు ఒక్కో వైపు సుమారు 8 అడుగులున్న గట్టి అద్దం నిలబెట్టారు. ఏనుగులు మొదట అద్దం వెనుక ఎవరున్నారోనని తొండం చాచి వెతికాయి. తర్వాత మేతను అద్దం దగ్గరికి తెచ్చుకుని తిన్నాయి, తొండం నోట్లో పెట్టుకుని చూసుకున్నాయి. హ్యాపీ అనే ఏనుగు తలకు ఒక పక్క తెల్ల రంగుతో ఇంటూ గుర్తు, రెండో పక్క అంతే తడిగా ఉండి కంటికి కనిపించని గుర్తు పెట్టారు. హ్యాపీ అద్దం ముందు నిలబడి కనిపించే గుర్తునే పదే పదే తొండంతో తాకింది. ఫలితాలు 2006లో వెలువడ్డాయి. మిగతా రెండూ గుర్తును పట్టించుకోలేదు. రోజూ ఒంటిమీద దుమ్ము, బురద చల్లుకునే జంతువుకు మరో మరక లెక్కలోకి రాకపోవడంలో వింతేముంది?

2008లో హెల్ముట్ ప్రయర్ బృందం జర్మనీలో ఐదు మాగ్పీ పక్షులను పరీక్షించింది. కాకి కుటుంబానికే చెందిన ఈ నలుపు తెలుపు పక్షుల గొంతు కింద, అద్దంలో తప్ప కనిపించని చోట రంగు చుక్కలు అంటించారు. రెండు పక్షులు అద్దంలో చూసి వాటిని గీకి రాల్చే ప్రయత్నం స్పష్టంగా చేశాయి. ఈకల్లో కలిసిపోయే నల్ల చుక్కలను పట్టించుకోలేదు. పాఠ్యపుస్తకాలకెక్కిన ఈ ఫలితాన్ని 2020లో స్పెయిన్ పరిశోధకులు మళ్లీ రాబట్టాలని చూస్తే రాలేదు. మాగ్పీని నెగ్గినవాటి జాబితాలో ప్రశ్నార్థకంతోనే ఉంచాలి.

అందరినీ ఇరకాటంలో పెట్టింది వేలెడంత చేప. పగడపు దిబ్బల దగ్గర పెద్ద చేపల ఒంటిమీది పరాన్నజీవులను ఏరుకుతినే క్లీనర్ రాస్ చేపలపై జపాన్‌కు చెందిన మసనోరి కోడా బృందం 2019లో ఫలితాలు ప్రకటించింది. చేపలు మొదట ప్రతిబింబంతో పోట్లాడాయి. తర్వాత అద్దం ముందు తలకిందులుగా ఈదడం వంటి విచిత్రమైన పనులు చేశాయి. గొంతు కింద గోధుమ రంగు మచ్చ పెడితే నాలుగింటిలో మూడు అద్దంలో చూసుకున్నాక గొంతును అడుగు ఇసుకకు, రాళ్లకు రుద్దాయి. రంగు లేని మచ్చ పెట్టినప్పుడు, అద్దం లేనప్పుడు రుద్దలేదు. మచ్చ పరాన్నజీవిలా కనిపించడమే దీనికి కీలకమని 2022లో తేలింది. నీలి, ఆకుపచ్చ మచ్చలను అవి ఖాతరు చేయలేదు. 2023 నాటి మరో ప్రయోగంలో, అద్దం అలవాటైన చేపలు కొత్త చేపల ఫొటోలపై దాడి చేసి తమ ముఖమున్న ఫొటోలను వదిలేశాయి.

గ్యాలప్ స్వయంగా ఈ ఫలితాన్ని ఒప్పుకోలేదు. డి వాల్ మధ్యేమార్గం చూపాడు. స్వీయ స్పృహ ఉన్నట్టుండి వెలిగే దీపం కాదని, ఉల్లిపాయ పొరల్లా ఒకదానిపై ఒకటి చేరేదని ఆయన అన్నాడు. ఇంతవరకు వచ్చిన సాక్ష్యాలకు ఎక్కువగా సరిపోయే మాట ఇదే. చేప నెగ్గినంత మాత్రాన దానికి చింపాంజీ మనసు ఉన్నట్టు కాదు. చేపను పక్కన పెట్టాలంటే మాత్రం అదే కొలతతో చింపాంజీనీ మళ్లీ తూచాలి.

పరీక్ష దేన్ని కొలుస్తుంది

అద్దం పరీక్షపై విమర్శ రెండు వైపుల నుంచి వచ్చింది. నెగ్గడం స్వీయ స్పృహకు రుజువు కాదన్నది ఒకటి. 1981లో ఎప్‌స్టీన్, లాంజా, స్కిన్నర్ పావురాలకు గింజల ఆశ చూపి అంచెలంచెలుగా శిక్షణ ఇచ్చారు. మెడకు కట్టిన గుడ్డ వల్ల నేరుగా కనిపించని నీలి చుక్కను అవి అద్దంలో చూసి పొడవగలిగాయి. మనసు ప్రస్తావన లేకుండానే ఆ ప్రవర్తనను రాబట్టవచ్చన్నది వారి వాదన. పావురాలు తమంతట తాము చేసిన పని కాదు కాబట్టి ఇది చింపాంజీ ఫలితాన్ని కొట్టేయదు. శిక్షణతో స్పృహ వస్తుందా అన్న ప్రశ్నను మాత్రం మిగిల్చింది. 2015లో చైనా పరిశోధకులు ఆ ప్రశ్నకు మరో మలుపు ఇచ్చారు. ముఖంపై కాస్త చురుక్కుమనే లేజర్ కాంతిని వేసి, అద్దంలో ఆ చుక్కను చూస్తూ తడిమేలా రీసస్ కోతులకు కొన్ని వారాలు నేర్పారు. ఆ తర్వాత చాలా కోతులు చురుక్కుమనని మచ్చనూ తడిమాయి. ఎవరూ నేర్పకుండానే ఒంట్లో కనిపించని భాగాలను అద్దంలో పరిశీలించుకున్నాయి. కోతికి లేనిది ‘నేను’ అన్న ఎరుకా, లేక కంటికి కనిపించేదాన్ని ఒంటికి తెలిసేదానితో ముడిపెట్టే అలవాటా అన్నది ఇక్కడ తేలాల్సిన విషయం.

రెండోది, తప్పడం స్వీయ స్పృహ లేదనడానికి రుజువు కాదన్న విమర్శ. దీనికి మనుషుల్లోనే సాక్ష్యం ఉంది. 2011లో వెలువడిన ఒక అధ్యయనంలో కెన్యాలో ఏడాదిన్నర నుంచి ఆరేళ్ల మధ్య వయసున్న 82 మంది పిల్లలకు ఈ పరీక్ష పెడితే, దాదాపు ఎవరూ మచ్చ తుడుచుకోలేదు. అద్దం ముందు బిగుసుకుపోయి నిలబడ్డారు. ఆ పిల్లలకు తామెవరో తెలియదని ఎవరూ అనరు. పెద్దవాళ్లు పెట్టిన మచ్చను అనుమతి లేకుండా ముట్టుకోవాలా వద్దా అన్న సందేహమే అక్కడ పనిచేసి ఉండాలి. మెదడుకు దెబ్బ తగిలి ముఖాలను పోల్చుకునే శక్తి పోయిన కొందరు తమ ముఖాన్ని కూడా గుర్తించలేరు. తమ పేరు, ఊరు, జీవితం మాత్రం చక్కగా చెప్పగలరు.

కుక్కల సంగతి ఇంకా తేలిక. ముక్కుతో లోకాన్ని తెలుసుకునే జంతువుకు అద్దం ఇచ్చి ఫలితం రాలేదనడం న్యాయం కాదు. అమెరికా పరిశోధకుడు మార్క్ బెకాఫ్ తన కుక్క జెత్రోతో నడిచే దారిలో, మూత్రం పడి పచ్చబడిన మంచును ఐదు చలికాలాలపాటు ఒక చోటి నుంచి మరో చోటికి మార్చి చూశాడు. జెత్రో తన మూత్రం దగ్గర కంటే ఇతర కుక్కల మూత్రం దగ్గర ఎక్కువసేపు ఆగేది. 2017లో అలెగ్జాండ్రా హోరోవిట్జ్ 36 కుక్కలతో దీన్ని పద్ధతిగా పరీక్షించింది. మామూలుగా ఉన్న తమ వాసన కంటే, ఇంకేదో కలిపి మార్చిన తమ వాసనను అవి ఎక్కువసేపు మూచూశాయి. ముఖంపై మచ్చకు ఇది వాసన రూపం.

అద్దం అవసరం లేని దారులు

తన ఒళ్లు కూడా ఒక వస్తువేనని, అది ఒక పనికి అడ్డు కావచ్చని గ్రహించడం స్వీయ స్పృహలో కింది మెట్టు. 2017లో థాయ్‌లాండ్‌లో 12 ఏనుగులకు ఒక కర్ర అందించమన్నారు. ఆ కర్రను తాడుతో ఒక చాపకు కట్టారు; ఏనుగు నిలబడింది ఆ చాప మీదే. కర్ర కదలకపోవడానికి తన బరువే కారణమని గ్రహిస్తే చాప దిగాలి. ఏనుగులు దిగాయి, కర్రను చాపకు కట్టనప్పుడు అంతగా దిగలేదు. ఇలాంటి పరీక్షలో కుక్కలూ నెగ్గాయని 2021లో తేలింది. చిన్నపిల్లలు రెండో ఏడాదిలో ఈ దశకు వస్తారు.

దీనికంటే పై మెట్టు తన జ్ఞానం గురించిన జ్ఞానం. 1995లో ఫ్లోరిడాలో నాటువా అనే డాల్ఫిన్‌కు హెచ్చు స్థాయి శబ్దానికి ఒక మీట, తక్కువ స్థాయికి మరో మీట నొక్కడం నేర్పారు. తేల్చుకోలేనప్పుడు తప్పించుకోవడానికి మూడో మీట ఉంది. రెండు శబ్దాలు మరీ దగ్గరైన కొద్దీ నాటువా తటపటాయిస్తూ, వేగం తగ్గించి, చివరికి మూడో మీట వైపు మళ్లేది. 2001లో రాబర్ట్ హాంప్టన్ రీసస్ కోతులపై చేసిన ప్రయోగం మరింత పకడ్బందీగా ఉంది. కోతికి ఒక బొమ్మ చూపి, కాసేపటి తర్వాత జ్ఞాపకశక్తి పరీక్ష రాస్తావా మానేస్తావా అని ఎంచుకోనిచ్చాడు. రాసి నెగ్గితే వేరుశనగ గింజ, తప్పితే ఏమీ లేదు, మానేస్తే అంతగా ఇష్టంలేని మామూలు మేత. అసలు బొమ్మే చూపకుండా అడిగినప్పుడు కోతులు ఎక్కువగా మానేశాయి. అద్దంలో తప్పిన రీసస్ కోతికి తనకు గుర్తు లేదన్న సంగతి తెలుస్తోంది. మెట్లన్నీ ఒకే వరుసలో ఉంటాయన్న నమ్మకాన్ని దెబ్బతీసే ప్రయోగం ఇది.

జ్ఞాపకం విషయంలో పక్షులే ముందున్నాయి. స్క్రబ్ జే పక్షులు పురుగులను, వేరుశనగ గింజలను దాచుకుంటాయి. పురుగులంటే వాటికి ఎక్కువ ఇష్టం. దాచిన 4 గంటలకు వెతకనిస్తే పురుగుల కోసం, 124 గంటల తర్వాతైతే గింజల కోసం వెళ్తాయని 1998లో నికోలా క్లేటన్, ఆంథొనీ డికిన్సన్ చూపారు. పురుగులు కుళ్లిపోతాయని వాటికి అనుభవంలో తెలిసింది. ఏది, ఎక్కడ, ఎప్పుడు దాచిందీ వాటికి గుర్తుంది. మరో పక్షి చూస్తుండగా దాచినప్పుడు, ఆ తర్వాత ఒంటరిగా ఉన్న సమయంలో మరో చోటికి మారుస్తాయి. అలా మార్చేది గతంలో తామూ దొంగతనం చేసిన పక్షులే. దొంగను దొంగే ఎరుగునన్న మాట పక్షులకూ వర్తిస్తుంది.

మనిషిలో ప్రత్యేకమైనది

బ్యూలా ఆమ్‌స్టర్‌డామ్ 1972లో పసిపిల్లల ముక్కుపై ఎర్ర రంగు పెట్టి చేసిన పరీక్షలో, 18 నుంచి 24 నెలల మధ్య పిల్లలు అద్దంలో తమను గుర్తుపట్టడం మొదలుపెట్టారు. సిగ్గు, బిడియం బయటపడేదీ ఈ దశలోనే. ఇక్కడి వరకు చింపాంజీ కూడా తోడుగానే నడుస్తుంది. తర్వాత దారి విడిపోతుంది. కొన్ని నిమిషాల ముందు తీసిన వీడియోలో తమ తలపై ఎవరో స్టిక్కర్ అంటించడం చూసినా రెండు మూడేళ్ల పిల్లలు చాలామంది తల తడుముకోరు. నాలుగేళ్లవాళ్లు వెంటనే తడుముకుంటారు. అప్పటి ‘నేను’, ఇప్పటి ‘నేను’ ఒక్కరేనన్న భావన ఆ వయసుకు గట్టిపడుతుంది. ఎదుటివారి నమ్మకం తప్పు కావచ్చని గ్రహించడం కూడా దాదాపు అప్పుడే.

ఇక్కడి నుంచి భాష పగ్గాలు పట్టుకుంటుంది. బిడ్డ జరిగినవాటిని చెబుతుంది, పెద్దలు సరిదిద్దుతారు, మళ్లీ అడుగుతారు. అలా విడివిడి జ్ఞాపకాలు ఒక జీవిత కథగా కూడుకుంటాయి. తన పేరు, కులగోత్రాలు, వృత్తి, పరువు, చేసిన తప్పు, చేయబోయే పని అన్నీ ఆ కథలోకి చేరతాయి. మనస్తత్వవేత్త ఎండెల్ టల్వింగ్ గుర్తించినట్టు, మనిషి గతాన్ని తెలుసుకోవడమే కాక మనసులో మళ్లీ అనుభవిస్తాడు. డాల్ఫిన్లలో ఒక్కోదానికి ఒక్కో ప్రత్యేకమైన ఈల ఉంటుంది; తన ఈలను మరొకరు వినిపిస్తే అది స్పందిస్తుందని 2013లో తేలింది. పేరు వంటిది ఉంది గాని, ఆ పేరు చుట్టూ కథ అల్లుకుంటుందనడానికి ఆధారం లేదు. తానూ ఒకనాడు చనిపోతానన్న ఎరుకకు కూడా మనిషిలో తప్ప మరెక్కడా సాక్ష్యం దొరకలేదు. స్థాయిలోనే తేడా అన్న డార్విన్ మాట కింది మెట్లలో నిలబడుతుంది. జీవిత కథ దగ్గరికి వచ్చేసరికి ఆ తేడా ఎంత పెద్దదంటే, దాన్ని స్థాయి అనడానికి నోరు రాదు.

మెదడులో స్వీయ స్పృహకొక చోటు వెతికే ప్రయత్నాలు అంతగా ఫలించలేదు. పెద్ద కుదురు ఆకారంలో ఉండే ఫాన్ ఎకనమో నాడీకణాలు మనిషిలో, మహావానరాల్లో, తిమింగలాల్లో, ఏనుగుల్లో కనిపించడంతో ఇవే కీలకమని మొదట ఆశపడ్డారు. 2012లో అవి రీసస్ వంటి మకాక్ కోతుల్లోనూ దొరికాయి. పక్షుల మెదడులో క్షీరదాల్లాంటి ఆరు పొరల వల్కలమే (మెదడు పైభాగం) లేదు. పరిమాణమూ చాలదు: ఆఫ్రికా ఏనుగు మెదడులో సుమారు 25,700 కోట్ల నాడీకణాలు, అంటే మనిషి కంటే మూడింతలు ఉన్నా, వాటిలో నూటికి 97కు పైగా చిన్న మెదడులోనే ఉంటాయి. వల్కలంలో మనిషికి సుమారు 1,600 కోట్లు ఉంటే ఏనుగుకు 560 కోట్లే.

చట్టం ముందు

బాధ తెలిసే ప్రాణిని బాధించకూడదనడానికి స్వీయ స్పృహ రుజువు కానక్కరలేదు. ఈ రెంటినీ కలిపేయడం బహిరంగ చర్చల్లో తరచూ జరిగే పొరపాటు. 2012లో కేంబ్రిడ్జ్‌లో, 2024లో న్యూయార్క్‌లో శాస్త్రవేత్తలు చేసిన ప్రకటనలు జంతువుల స్పృహ గురించినవే తప్ప అద్దంలో ముఖం పోల్చుకోవడం గురించినవి కావు. అయినా న్యాయపరమైన వాదనల్లో అద్దం పరీక్షకే పలుకుబడి ఎక్కువ. 2013 మేలో భారత ప్రభుత్వ కేంద్ర జూ ప్రాధికార సంస్థ డాల్ఫిన్ ప్రదర్శనశాలలకు అనుమతి ఇవ్వరాదని రాష్ట్రాలకు సర్క్యులర్ పంపింది. డాల్ఫిన్లను మానవేతర వ్యక్తులుగా పరిగణించాలన్న శాస్త్రవేత్తల అభిప్రాయాన్ని అందులో ప్రస్తావించింది. బ్రాంక్స్ జూ ఏనుగు హ్యాపీని విడిపించాలని ఒక హక్కుల సంస్థ, అక్రమ నిర్బంధం నుంచి విడుదల కోరే హెబియస్ కార్పస్ పిటిషన్ వేసినప్పుడు, 2006 నాటి అద్దం పరీక్షను ముఖ్య సాక్ష్యాల్లో ఒకటిగా చూపింది. 2022 జూన్‌లో న్యూయార్క్ అత్యున్నత న్యాయస్థానం ఏనుగు తెలివైనదేనని, దయకు అర్హమైనదేనని ఒప్పుకుంటూనే, ఆ రిట్ మనుషుల కోసమేనని 5–2 మెజారిటీతో పిటిషన్‌ను తోసిపుచ్చింది. ఇద్దరు న్యాయమూర్తులు విభేదిస్తూ విడివిడిగా తీర్పులు రాశారు.